దారి తెలిసిన నక్క

ఒక పెద్ద అడవిలో చెట్లకంటే కాపలావాళ్ళు ఎక్కువైన రోజులవి. ఏటి అవతలి తోడేళ్ళు ఆ అడవిని ఆక్రమించుకున్నాయి. యుద్ధం ఇంకా కొండల దగ్గర సాగుతూనే ఉంది. ఇక్కడ మాత్రం ‘అడవి రక్షక దళం’ వెలిసింది. అడవిని ఎవరి నుంచి రక్షిస్తారని ముసలి తాబేలు అడిగింది. అడవిలో ఉండేవాళ్ళ నుంచేనని జవాబొచ్చింది.

తోడేళ్ళకు దారులు తెలియవు. అందుకని ఇక్కడి నక్కలనే దళంలో చేర్చుకున్నాయి. మెడకో పట్టీ, పూటకో ఎముక. నిన్నటిదాకా పీతల కోసం బురద కెలికిన జిత్తయ్య నక్కకు ఒక చౌకీ అప్పగించారు. వారం తిరక్కుండానే అతని నడక మారింది. దగ్గు కూడా మారింది.

ఇంతలో తోడేళ్ళ కమాండరు కొత్త ఉత్తర్వు వేశాడు. దారి అడక్కుండా నడిచేవాడికి దొంగదారులు తెలుసన్నమాట. అలాంటివాడు శత్రువు. పట్టుకుని గుహలో వెయ్యాలి. అడవిలో పుట్టినవాళ్ళు దారి అడగరు కదా, మూడు రోజుల్లో గుహ సగం నిండింది.

ఒక ఉదయం చెవులమ్మ అనే కుందేలు మేత నుంచి తిరిగొస్తోంది. చౌకీకి అవతల, బొరియలో నాలుగు పసికూనలు పాలకోసం ఎదురుచూస్తున్నాయి. తనకంటే ముందు తిన్నగా నడిచిన ముళ్ళపందిని పట్టుకుపోవడం ఆమె కళ్ళారా చూసింది. చౌకీ ముందు ఆగి, వినయంగా అడిగింది.

“నక్కబావా, మా బొరియకు ఎటు వెళ్ళాలో కాస్త చెబుదూ.”

“నీ బొరియ నీకే తెలీదుటే?”

“తెలిస్తే నేరమటగా. అందుకే మరిచిపోయాను.”

పక్కనే కమాండరు నిలబడి ఉన్నాడు. పనితనం చూపించే అవకాశం దొరికిందని జిత్తయ్య గొంతు సవరించుకున్నాడు. మోడు దగ్గర ఎడమకు తిరిగి, పుట్ట దాటితే బొరియ వస్తుందన్నాడు. అంతటితో ఆగక, ఆ వెనక ముళ్ళపొద కింద ఎవరి కంటా పడని సందు ఉందనీ, అందులో దూరితే కొండలదాకా పోవచ్చనీ కూడా చెప్పాడు.

కమాండరు చెవులు నిక్కబొడుచుకున్నాయి. “ఇదంతా నీకెవరు చెప్పార్రా?”

“ఒకరు చెప్పేదేముంది దొరా, నేను పుట్టిందే ఇక్కడ.”

అనేశాక గానీ జిత్తయ్యకు తన మాట తనకు వినపడలేదు.

దారి అడిగి నడిచే బుద్ధిమంతురాలని చెవులమ్మను కమాండరు మెచ్చుకుని పంపించాడు. ఆమె వెళ్ళి పిల్లలకు పాలిచ్చింది. జిత్తయ్య మెడపట్టీ విప్పించి గుహలోకి తోశారు. మిగతా నక్కలనూ విచారించారు. అందరూ ఇక్కడ పుట్టినవాళ్ళేనని తేలింది. గుహ పూర్తిగా నిండింది.

తర్వాత ఆ సందు వెతకడానికి దళం బయలుదేరింది. దారి చూపేందుకు బయట ఒక్క నక్కా మిగల్లేదు. తోడేళ్ళు ఇంకా వెతుకుతూనే ఉన్నాయి.

నీతి: ఆక్రమించినవాడి కొలువులో చేరదలచినవాడు, ముందు జాగ్రత్తగా పరాయి ఊళ్ళో పుట్టి ఉండాలి.