దర్జీ చేతిలో గ్యారేజీ తలుపు

దర్జీ వేసుకున్న పథకంలో లోపమేమీ లేదు. భార్య తలస్నానం చేసి వచ్చేలోగా గ్యారేజీ తలుపు నోరు మూయించాలి. అంతే.

పదింటికి ఆవిడకి డ్రైవింగ్ పరీక్ష. ఇప్పటికి రెండుసార్లు తప్పింది. రెండుసార్లూ రివర్సులోనే. "ఆ తలుపు కీచుమంటే నా గుండె జారిపోతుందండీ. ఇక బ్రేకేదో యాక్సిలరేటరేదో కాళ్లకి గుర్తుండదు" అని నిన్న కళ్లనీళ్లు పెట్టుకుంది. ఈసారీ తప్పితే మళ్లీ కారు మొహం చూడనని ఒట్టు కూడా పెట్టుకుంది.

అది పైకి లేచే తలుపు. రెండు పక్కలా ఇనుప తీగలు లాగితే లేస్తుంది. ఎడమ తీగ సాగిపోవడంతో ఆ మూల నేలకి ఆనుతోంది. కుడి మూల కింద పిల్లి దూరేంత సందు. మెకానిక్ అయితే తీగ చూసేవాడు. దర్జీ అంచు చూశాడు. ఆయన కంటికి అది ఒక కాలు పొడుగైన ప్యాంటు. కత్తెర తెచ్చి, తలుపు అడుగున ఉన్న రబ్బరు పట్టీని ఎడమ పక్కన చక్కగా కత్తిరించేశాడు.

ఇప్పుడు రెండు పిల్లులు దూరొచ్చు.

సరే, కుడి పక్కని కిందికి దించుదామని కత్తెర మొనతోనే ఒక బోల్టు వదులు చేశాడు. చప్పుడు పోవడానికి కుట్టుమిషన్ నూనె సీసా మొత్తం ఒంపాడు. తలుపు ఎత్తి చూశాడు. ధన్‌మని ఎడమ తీగ జారిపోయింది. తలుపు సగంలో ఏటవాలుగా ఇరుక్కుంది. కుడి పక్క తలకి పైన, ఎడమ పక్క నడుము దగ్గర. పైకి పోదు, కిందికి రాదు. కారేమో లోపల. దర్జీ పరుగెత్తి ఇస్త్రీ బల్ల తెచ్చి వాలిన పక్క కింద ఆనించాడు.

"పొద్దున్నే ఏంటి నాయనా ఆ ఉరుములు?" గోడ మీదుగా పక్కింటావిడ తల లేచింది. వీధంతా ఆవిణ్ణి రేడియో పిన్ని అంటారు. ఆ సంగతి ఆవిడకొక్కదానికే తెలియదు.

"ష్! మెల్లగా పిన్నీ. మా ఆవిడకి తెలియకూడదు."

"కారు లోపల పెట్టి తలుపు బిగించేశావా?"

"తర్వాత తనే సంతోషిస్తుంది లెండి."

పిన్నికి అంతకంటే ఏం కావాలి? కబురు క్షణంలో ఇంట్లోకి చేరిపోయింది. దర్జీ పానా వెతుక్కునేలోపే, తడి జుట్టుకి తువ్వాలు చుట్టుకుని భార్య గుమ్మంలో నిలబడింది.

"పరీక్షకి వెళ్లొద్దని నోటితో చెప్పొచ్చుగా? తలుపు విరగ్గొట్టాలా?"

"నేనా? అయ్యో, కాదే..."

"చేతిలో కత్తెర పెట్టుకుని కాదంటారేం? కారుకి గీత పడుతుందని మీ భయం. రెండుసార్లు తప్పిన పెళ్లాం మీకు నామోషీ."

దర్జీ చొక్కా నిండా నూనె. మెడలో టేపు. "చప్పుడు లేకపోతే నువ్వు నిబ్బరంగా బయలుదేరతావనుకున్నాను," అన్నాడు తల దించుకుని. "ఏం చేయను, నాకొచ్చింది కత్తిరించడమే."

ఆవిడ కింద పడ్డ రబ్బరు ముక్క చేతిలోకి తీసుకుంది. వెంట్రుకవాసి వంకర లేదు. ఆ కోతని చూశాక కోపాన్ని నిలబెట్టుకోవడం ఆవిడకి కష్టమైంది.

"ఆ టేపు ఇలా ఇవ్వండి."

ఇద్దరూ కొలిచారు. కుడి గోడని రాసుకుంటూ వస్తే కారు పడుతుంది. అటు నాలుగు వేళ్లు, ఇటు రెండు వేళ్లు ఖాళీ.

"నేను తీస్తాలే," అన్నాడు దర్జీ.

"పరీక్ష మీకా, నాకా? తప్పుకోండి."

కారు వెనక్కి కదిలింది. "కుడికి... ఇంకాస్త... ఆగు! ఒక్క బొత్తామంత... అదీ!"

"గోడ! అమ్మాయ్, గోడ!" పిన్ని కళ్లు మూసుకుని కేకలు పెడుతోంది.

"రేడియో పిన్నీ, కాసేపు కట్టెయ్యండి!" కారులోంచి అరిచింది భార్య.

పిన్ని కళ్లు తెరిచింది. "రేడియో ఎవరే?" అంది. కారు మాత్రం గీత పడకుండా వీధిలోకి వచ్చింది. భార్య అద్దంలో చూసింది. మొగుడు నూనె చేతులతోనే కళ్లు తుడుచుకుంటున్నాడు.

"ఎక్కండి. దారిలో ఏడవొచ్చు."

పరీక్షలో అధికారి రెండు గుంజలు చూపించి, వాటి మధ్యకి రివర్సు చేయమన్నాడు. వాటి మధ్య లారీ పడుతుంది. "ఇంతేనా అండీ?" అందావిడ.

మర్నాటి నుంచి దర్జీ దుకాణానికి నడిచి వెళ్తున్నాడు; కారు ఖాళీ ఉండటం లేదు.