జఫర్‌గఢ్ మిల్లుకు ఒకరోజు సెలవు

ఆ మంగళవారం పొద్దున, రెండో చాయ్ చల్లారేలోపే, రైసుమిల్లు యజమాని మహిపాల్‌కు ఉపాయం తట్టింది. ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్ కళ్యాణి పన్నెండు గంటలకు జఫర్‌గఢ్ వస్తుంది. మిల్లు చూస్తుంది. ఆమె సరేనంటేనే లైసెన్సు కొత్త ఏడాదిలోకి నడుస్తుంది. మోటారుకూ మిషనుకూ నడుమ పరుగెత్తే పెద్ద బెల్టుకు కప్పు లేదు. రెండేళ్ల క్రితం ఊడదీసిన ఇనుప జాలి మూలన తుప్పు పడుతోంది. దాన్ని బిగించాలంటే మిల్లును ఒక పూట ఆపాలి. అందుకు మనసొప్పక, మహిపాల్ రోజంతా ఆపేశాడు. తిరగని బెల్టును చూసి ఎవరు మాత్రం ఏం రాస్తారు?

"ఇయ్యాల సెలవు. జల్ది జల్ది ఇండ్లకు పోండ్రి," అన్నాడు.

"ఏం పండుగ పటేలా?" చీపురు దించకుండానే అడిగింది దుర్గమ్మ.

"మిషన్ రిపేరు."

"మంచిగనే తిరుగుతున్నది గద!"

"గందుకే రిపేరు. నువ్వు నడువ్."

గేటుకు తాళం వేసి, ఇన్‌స్పెక్టర్‌కు ఎదురేగడానికి మహిపాల్ కారులో జనగామ దారి పట్టాడు.

సెలవుకు అందరికంటే సంతోషించినవాడు మిషను నడిపే యాకయ్య. పోయిన నెల బెల్టు అతని భుజం మీది తువ్వాలను పట్టుకుపోయింది. మెడను మాత్రం వదిలిపెట్టింది. ఆ రోజే చిల్పూరు బుగులు వెంకటేశ్వరస్వామికి మొక్కుకున్నాడు: చెప్పులు లేకుండా వస్తాను, తలనీలాలు ఇస్తాను అని. ఆ మిల్లులో అప్పటికి ఉన్న భద్రతా ఏర్పాటు అదొక్కటే. తువ్వాల సంగతి భార్య భూలక్ష్మికి చెప్పలేదు గనుక మొక్కు సంగతీ చెప్పలేదు. చెప్పులు గేటు పక్కన విడిచి, బస్సెక్కాడు. తొందరలో ఫోను మిల్లు లోపల చార్జింగులోనే ఉండిపోయింది.

పది గంటలకు భూలక్ష్మి సద్ది పట్టుకొని వచ్చింది. గేటుకు తాళం ఉంది. గేటు పక్కన చెప్పులున్నాయి. మిల్లుకు ఎదురిల్లే దుర్గమ్మది; ఆమె ఫోను అడిగి తీసుకొని భర్తకు చేసింది. తాళం వేసిన మిల్లు లోపల ఫోను మోగింది. మోగి, మోగి, ఆగింది.

"రిపేరని యాకయ్యను ఒక్కన్నే ఉంచుకున్నట్టుండు పటేలు. బెల్టు," అంది దుర్గమ్మ.

ఏ బెల్టు అని ఎవరూ అడగలేదు. భూలక్ష్మి కూలబడింది. అరగంటలో వీధంతా కదిలింది. కిరాణం చంద్రమోహన్ మిల్లు కిటికీ ఊచల్లోంచి తొంగిచూసి, "పండుకున్నట్టే ఉన్నడు పాపం," అని కళ్లు తుడుచుకున్నాడు. అతను చూసింది తవుడు బస్తాను. తాళం వేసి మహిపాల్ కారులో పారిపోయాడని ఒకరన్నారు. హైదరాబాదు దాటాడని మరొకరన్నారు. పూలదండ వచ్చింది. వెనకే డప్పులు వచ్చాయి.

పన్నెండింటికి ముందు కారు, వెనక జీపు వచ్చి ఆగాయి. జనాన్ని, దండను, డప్పులను చూసి మహిపాల్ మొహం వెలిగిపోయింది.

"చూసిన్రా మేడం! మీరొస్తున్నరంటే ఊరు ఊరే కదిలింది," అంటూ జీపు తలుపు తీశాడు.

భూలక్ష్మి వచ్చి అతని అంగీ పట్టుకుంది. "నవ్వుతున్నవా పటేలా? నా మొగడేడి?"

"ఇంట్ల లేడా? సెలవిచ్చిన గద!"

"ఇచ్చినవ్! ఎప్పటికి లేవకుంట ఇచ్చినవ్!"

మహిపాల్ తాళం తీశాడు. లోపల ఫోను ఉంది, తవుడు బస్తా ఉంది, మనిషి లేడు. అందరూ బెల్టు కింద వెతుకుతుండగా రోడ్డు మీద బస్సు ఆగింది. నున్నటి గుండుతో, చేతిలో ప్రసాదంతో యాకయ్య దిగాడు. డప్పులు చూసి గొంతు తగ్గించి, "అయ్యో, ఎవలు పోయిన్రే?" అన్నాడు.

"నువ్వే," అన్నాడు డప్పు పట్టుకున్నవాడు.

భూలక్ష్మి అతన్ని పట్టుకొని ఏడ్చింది. తర్వాత ఆ ఏడుపుతోనే నాలుగు బాదింది.

మహిపాల్‌కు ప్రాణం లేచివచ్చింది. "ఒట్టి పుకారు మేడం. మా మిల్లుల చీమకు గూడ దెబ్బ తగల్లే. జర సంతకం చేస్తే..."

కళ్యాణి ఫైలు తెరిచి జనం వైపు తిరిగింది. "యాకయ్య పోయిండని మీకు ఎవరు చెప్పిన్రు?"

"ఎవలు చెప్పలే."

"మరి ఎట్ల తెలిసింది?"

"తెలిసుడేంది బిడ్డా?" అంది దుర్గమ్మ. "రెండేండ్ల సంది ఎదురుచూస్తనే ఉన్నం."

జనం తలలూపారు. మహిపాల్ వైపు ఎవరూ చూడలేదు. అందరూ బెల్టునే చూశారు.

"ఏ మిల్లుకైనా నేను పోయేసరికి మనిషి పోయే ఉంటడు, చూసినోళ్లు ఒక్కరు దొరకరు," అంది కళ్యాణి. "ఇయ్యాల పోయినాయనే దొరికిండు. చెప్పన్నా."

యాకయ్య భార్య వైపు ఒకసారి చూసి, తువ్వాల కథంతా చెప్పాడు. జాలి బిగించేదాకా మిషను తిరగరాదని ఆమె రాయసాగింది.

"మనిషే చావలేదు గద మేడం! ఇంకెందుకు రాసుడు?" మహిపాల్ వేడుకున్నాడు.

"గందుకే రాస్తున్న. చచ్చినంక రాసేదాన్ని పంచనామా అంటరు."

అడుగున సాక్షి అన్నచోట వేలిముద్ర వేయమంటే, పది వేళ్లూ ఉన్న మనిషి గనుక, యాకయ్య ఏ వేలో అడిగి మరీ వేశాడు.