పాళెం మొత్తానికి ఒకే రోగి

ఒక ఫోన్ నంబరుకు ఒకే ప్రాణి ఉంటుందన్నది ఆధునిక వైద్యం కనిపెట్టిన మహాసత్యాలన్నిటిలోకీ గొప్పది. ఆ సత్యాన్ని పులికాట్ సరస్సు ఒడ్డునున్న పాళేనికి మోసుకొచ్చింది ఉష.

పాళెంలో డిగ్రీ పాసైన మొదటి మనిషి ఆమే. పగలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కంప్యూటర్ ముందు కూర్చుంటుంది. సాయంత్రాలు దూరవిద్యలో హెల్త్ ఇన్ఫర్మాటిక్స్ పీజీ చదువుతుంది. (దూరవిద్య అంటే విశ్వవిద్యాలయం దూరంగానూ, గడువు తేదీ దగ్గరగానూ ఉండే విద్య.)

"అదేం చదువమ్మే?" అని అడిగింది మేనత్త నాగులమ్మ. ఎండుచేపలు అమ్ముకుంటుంది. బీపీ మనిషి, బిళ్ళ వేసుకోకపోతే కళ్ళు తిరుగుతాయి.

"రోగుల వివరాలు కంప్యూటర్లో పద్ధతిగా పెట్టడం అత్తా."

"పెడితే రోగం పోద్దా?"

"రోగం పోదు. రోగి ఎక్కడికీ పోడు."

చివరి సంవత్సరం ప్రాజెక్టు కింద పాళెం జనం వివరాలన్నీ 'ఆరోగ్య ఏకం' అనే పోర్టల్లో ఎక్కించాలి. ఉష ఇల్లిల్లూ తిరిగింది. నంబరు అడిగితే ప్రతి ఇంట్లోనూ నాగులమ్మ నంబరే చెప్పినారు. మగవాళ్ళ ఫోన్లు పడవలో తడిసి చస్తాయి. ఎప్పుడూ ఒడ్డున ఉండేదీ, మోగితే ఎత్తేదీ నాగులమ్మే. పెళ్ళి సంబంధమైనా, బ్యాంకు బెదిరింపైనా ఆ ఫోనుకే వస్తుంది; ఆమె వీధిలో నిలబడి కేకేస్తుంది. పేర్లూ అంతే. అమ్మవారు ముత్యాలమ్మ కాబట్టి సగంమంది ముత్యాలయ్యలు, మిగతా సగం వాళ్ళ కొడుకులు. ఇంటిపేరు అందరిదీ ఒకటే.

ఉష చెప్పింది చెప్పినట్టు ఎక్కించి పంపింది. పోర్టల్ కాసేపు ఆలోచించింది. 'నకిలీ నమోదులు తొలగించబడినవి. మొత్తం రోగులు: ఒకరు. అభినందనలు' అంది.

ఆ ఒక్కరూ సామాన్యుడు కాదు. వయసు రెండేళ్ళ నుంచి ఎనభై దాకా. పురుషుడు, ప్రస్తుతం గర్భిణి. ఒకవైపు పళ్ళు వస్తున్నాయి, ఇంకోవైపు ఊడుతున్నాయి. పోలియో చుక్కలు సక్రమంగా వేయించుకుంటాడు, చుట్ట మానమంటే మానడు.

నెల తిరగ్గానే నాగులమ్మ బిళ్ళల కోసం ఆరోగ్య కేంద్రానికి పోయింది. మందులిచ్చే గిరిబాబు తెర వంక చూసి, "ఈ నెలవి తీసుకున్నావు గదమ్మా" అన్నాడు.

"నేనా? ఎప్పుడు?"

"సోమవారం. మీసాలతో వచ్చినావు."

"అది మా ముత్యాలయ్య బావ గదా నాయనా!"

"రికార్డులో ఇద్దరూ నువ్వే. ఒక మనిషికి ఇద్దరి బిళ్ళలిస్తే నా ఉద్యోగం ఊడిపోద్ది."

(బయట షాపులో కొందామంటే అక్కడా ఆ నంబరే కొట్టి, అదే మాట చెప్పినారు.)

ఉష మర్నాడే నెల్లూరు బస్సెక్కింది. స్టడీ సెంటర్ సమన్వయకర్త నరేంద్రబాబు గారు ఆమెను చూసి కుర్చీలోంచి లేచారు. దూరవిద్యలో ఇలాంటి మర్యాద ఎవరికీ జరిగి ఉండదు.

"శభాష్ ఉషా! ఇంత శుభ్రమైన డేటా మన సెంటర్ నుంచి ఎన్నడూ పోలేదు. పాళెంలో రోగుల సంఖ్యను ఒకటికి దించినావు. ఏ డాక్టరు చేసినాడు అంత పని?"

"సార్, మా అత్తకు బిళ్ళలు ఇవ్వడం లేదు. వాళ్ళను మళ్ళీ విడదీయాలి."

ఆయన ఓపిగ్గా నియమం వివరించారు. తాను ఫలానా వ్యక్తి కానని ప్రతి ఒక్కరూ తహశీల్దారు సంతకంతో పత్రం తేవాలి. మిగతా పాళెంలో ఎంతమంది ఉంటే ఒక్కొక్కరూ అన్ని పత్రాలు. వాటిని ఆమోదించే అధికారం హెల్త్ ఇన్ఫర్మాటిక్స్ పీజీ ఉన్నవాళ్ళకే. చుట్టుపక్కల అలాంటివాళ్ళు ఎవరూ లేరు. ఉష పాసైతే ఆమే మొదటిది.

"అయితే పాసయ్యాక నేనే ఆమోదిస్తాను సార్."

"కుదరదమ్మా. మీ ఇంట్లో ఇచ్చిన ఫోన్ నంబరూ అదే కదా? రికార్డు ప్రకారం ఆ రోగివి నువ్వే. తన కేసు తానే చూసుకోవడం నైతికం కాదు."

ఇంట్లో అందరికంటే ముందు చదువుకున్న పిల్ల, ఎవరినీ ఎప్పుడూ అడగని మాట అడిగింది. "ప్రాజెక్టు తప్పితే రికార్డు కొట్టేస్తారు కదా సార్. నన్ను ఫెయిల్ చేయండి."

నరేంద్రబాబు గారు నిజంగానే నొచ్చుకున్నారు. "నిన్న వచ్చుంటే ఏదో ఒకటి చేసేవాణ్ణి. ఫెయిల్ కావడానికి గడువు నిన్నటితో ముగిసింది."

ఆ సాయంత్రం ఆ మీసాల ముత్యాలయ్యే కూటం పెట్టినాడు. ఆయన పాళేనికి పెద్ద. సరస్సులో ఎవరు ఏ రోజు ఎక్కడ వలేయాలో ఈ జనం చీట్లు తీసి వంతులు పంచుకుంటారు. దాన్ని పాడు అంటారు. చీటీ మాటకు ఎదురు లేదు.

"రొయ్య దొరికే నీళ్ళనే కొట్టుకోకుండా పంచుకున్నోళ్ళం, రోగాన్ని పంచుకోలేమా?" అన్నాడు ముత్యాలయ్య. బిళ్ళలకొక పాడు, కాన్పులకొక పాడు పెట్టాలని తీర్మానం.

"మామా, నాకు తొమ్మిదో నెల!" అంది ధనలక్ష్మి వెనకనుంచి.

"గమ్మునుండమ్మే. చీటీ ఎట్లా వస్తే అట్లా."

బీపీ ఉన్నవాళ్ళంతా వరసగా చీట్లు తీసినారు. నాగులమ్మకు దీపావళి నెల వచ్చింది. అప్పటిదాకా కళ్ళు తిరగరాదని కూటం ఆమెకు గట్టిగా చెప్పింది. సరేనంది.

సంగతి తెలిసి విశ్వవిద్యాలయం మురిసిపోయింది. ప్రజల భాగస్వామ్యం కింద అదనపు మార్కులు కలిపి ఉషకు మొదటి ర్యాంకు ప్రకటించింది.

ర్యాంకు వచ్చిన వారంలోనే చేపలు ఎండేసే దిబ్బ మీద నాగులమ్మ పడిపోయింది. ఆమెను ఆటోలో ఎక్కించి, తల ఒళ్ళో పెట్టుకుని ఉష ఫోన్లో పోర్టల్ తెరిచింది. రోగి ఈ నెల బిళ్ళ ఒక్కపూట కూడా తప్పలేదని అందులో ఉంది.