రెండో నంబరు టవరుకు మెమో

మా ఫ్యాక్టరీలో రెండో నంబరు టవరుకు విధి నిర్వహణలో అలసత్వం కింద మెమో ఇచ్చారు. మూడు రోజుల్లోగా లిఖితపూర్వకంగా సంజాయిషీ ఇచ్చుకోవాలని, లేనిపక్షంలో తదుపరి చర్యలు తప్పవని అందులో రాసి ఉంది. టవరు ఇనుముతో చేసింది, మూడు నిలువుల ఎత్తు ఉంటుంది. సంజాయిషీ ఇవ్వలేదు. దాన్ని ధిక్కారంగా పరిగణించడమైనది. ఇందులో నవ్వాల్సిందేమీ లేదు. పద్ధతి ప్రకారమే జరిగింది.

మా ఫ్యాక్టరీ చేసే పని స్పిరిట్‌లోంచి నీళ్లు తియ్యడం. తాగే స్పిరిట్ కాదు, ఆశపడకండి. వార్నిషు చేసేవాళ్లు కొనుక్కుపోయే రకం. ఎంత కాచి ఆవిరి పట్టినా నూటికి తొంభై అయిదు పాళ్ల దగ్గర ఆగిపోతుంది. మిగిలిన అయిదు పాళ్ల నీళ్లు, ఇంటికొచ్చిన దూరపు చుట్టంలాగా, ఎన్ని సూచనలు చేసినా కదలవు. వాటిని కదిలించడానికే జియోలైట్ గుళికలు. చూడ్డానికి మట్టిరంగు మిరియాల్లా ఉంటాయి. ఒక్కో గుళిక నిండా కంటికి ఆనని కన్నాలు. ఆ కన్నంలో నీటి కణం పడుతుంది, స్పిరిట్ కణం కొంచెం ఒళ్లున్నది కాబట్టి పట్టదు. తడి స్పిరిట్ టవరు కిందనుంచి ఎక్కుతుంది, నీళ్లు గుళికల్లో ఉండిపోతాయి, పొడి స్పిరిట్ పైనుంచి వచ్చేస్తుంది. ఎవర్ని రానివ్వాలో ఎవర్ని రానివ్వకూడదో అంత కచ్చితంగా తెలిసిన గుమ్మం మా పై ఆఫీసులో ఒక్కటి కూడా లేదు.

గుళికలకు ఒకటే బలహీనత. ఒక షిఫ్టంతా పీల్చుకున్నాక నిండిపోతాయి. తర్వాతి షిఫ్టు వాటికి వేడి పెట్టి, పంపుతో లాగి, తాగిన నీళ్లన్నీ కక్కించాలి. అందుకే రెండు టవర్లు. ఒకటి పని చేస్తుంటే ఒకటి ఆరుతుంటుంది. పంతొమ్మిదేళ్లుగా ఈ మార్పిడి చూస్తున్నది మా బాబాయి. నాకు సొంత బాబాయేం కాదు. షెడ్డులో అందరికీ బాబాయే. ఎనిమిదో తరగతి చదివాడు. స్పిరిట్ ఎక్కుతున్న టవరుకి చేతి వెనకభాగం ఆనించి చూసేవాడు. గుళిక నీళ్లు పీల్చేటప్పుడు వేడెక్కుతుంది. ఆ వేడి పట్టీ కిందనుంచి గంటగంటకీ పైకి పాకుతుంది. పట్టీ మెడ దాకా వచ్చిందంటే గుళికలు నిండినట్టే. వెంటనే వాల్వులు తిప్పేసేవాడు. ల్యాబులో మీటరు ఆ మాట చెప్పేసరికి బాబాయి చేతులు కడుక్కుని టీ తాగుతుండేవాడు.

ఇలాంటి అనాగరిక పద్ధతిని సంస్కరించడానికే కంపెనీ వారు ఒక సామర్థ్య వికాస అధికారిని నియమించారు. ఆయన నెత్తిమీద హెల్మెట్‌కి ప్లాస్టిక్ కవరు ఇంకా తియ్యలేదు. షెడ్డులోకి వచ్చి, రెండు టవర్లనీ ఎగాదిగా చూసి, రెండోదాని ముందు ఆగారు.

"ఇదేం చేస్తోంది?"

"ఆరుతోందండీ," అన్నాడు బాబాయి.

"అంటే?"

"పొద్దుటి షిఫ్టులో నీళ్లు పట్టింది కదండీ, ఇప్పుడు వదుల్తోంది. మళ్లీ పనికి సిద్ధమవుతోందండీ."

"మా బావమరిది కూడా ఎనిమిదేళ్ల నుంచి ఇలాగే సిద్ధమవుతున్నాడయ్యా. పని చేస్తోందా, లేదా? అది చెప్పు."

"ఇప్పుడైతే లేదండీ."

అధికారి గారు డైరీలో రాసుకున్నారు. కంపెనీ ఆస్తిలో సగం, ఏ క్షణంలో చూసినా ఖాళీగా కూర్చుని ఉంది. పంతొమ్మిదేళ్లుగా ఒక్క అధికారి కంటా పడని ఈ దారుణం ఆయన కంట నాలుగు నిమిషాల్లో పడింది. మహానుభావులు అలాగే ఉంటారు.

మెమో ఆ సాయంత్రమే వచ్చింది. టవరుకి అంటించారు. ఆరే టవరు కదా, కాలుతూ ఉంటుంది. జిగురు కరిగి, కాగితం గోధుమరంగు తిరిగి, చుట్టుకుని రాలిపడింది. టవరు నోటీసును తిరస్కరించినట్టు పంచనామా రాసి, రెండో మెమోని ఇనుప తీగతో కట్టారు. అదీ మాడింది. మూడో కాగితం టవరుకి కాదు, బాబాయికి. సోమవారం నుంచి రెండు టవర్లూ అన్ని షిఫ్టుల్లోనూ ఏకకాలంలో పని చేయవలెను.

"అయ్యా, నిండిన గుళిక ఇంకేం పడుతుందండీ?" అన్నాడు బాబాయి.

"నీకు కావలసింది దృక్పథం. అది మారాలి," అన్నారు అధికారి గారు.

సోమవారం మొదటి షిఫ్టులో ఉత్పత్తి నిజంగానే రెండింతలైంది. అబద్ధం చెప్పకూడదు. డ్రమ్ములు చాలక పక్క షెడ్డునుంచి తెచ్చుకున్నాం. జనరల్ మేనేజరు గారు స్వయంగా దిగివచ్చి, మమ్మల్ని ఎండలో నిలబెట్టి ప్రసంగించారు. "మిత్రులారా! ఈ టవర్లను చూసి నేర్చుకోండి! అలుపు అనేది ఇనుముకు లేదు, మనసుకే ఉంది!" అందరికీ రెండేసి బిస్కెట్లు ఇచ్చారు. మేం చప్పట్లు కొట్టాం. బిస్కెట్టు పట్టుకున్న చేత్తో చప్పట్లు కొట్టడం కష్టం, అయినా కొట్టాం.

రెండో షిఫ్టుకల్లా రెండు టవర్లూ మెడ దాకా వెచ్చబడ్డాయి. మూడో షిఫ్టుకి చల్లబడ్డాయి. అంటే గుళికలు పీల్చడం మానేశాయి. స్పిరిట్ ఎన్ని నీళ్లతో లోపలికి వెళ్లిందో అన్ని నీళ్లతోనూ, షికారుకెళ్లి వచ్చినట్టు, బయటికొచ్చింది. ల్యాబ్ అక్క రిపోర్టు పట్టుకుని పై ఆఫీసులో జనరల్ మేనేజరు గారి దగ్గరికి పరిగెత్తింది.

"సార్, అయిదు పాళ్లు నీళ్లే ఉన్నాయి సార్."

"మీ మీటరు పాతదమ్మా."

"పోయిన నెలే కొన్నారు సార్. మీరే రిబ్బను కత్తిరించారు."

మీటరును మరమ్మతుకు పంపించారు. మీటరు లేకపోయేసరికి నీళ్లు కూడా లేకుండా పోయాయి. ఆ తర్వాత డ్రమ్ముల మీద కొత్త లేబుళ్లు వచ్చాయి. 'సహజ తేమ సమృద్ధి' అని, పక్కన ఆకుపచ్చ బొట్టు. ఆ లేబులు రాసిన గుమాస్తాకి ప్రశంసాపత్రం ఇచ్చారు.

వార్నిషు ఫ్యాక్టరీ వాళ్లకి మాత్రం ఈ సమృద్ధిని ఆస్వాదించే సంస్కారం లేకపోయింది. వాళ్ల వార్నిషు పూసిన బల్లలన్నీ పాలు ఒలికినట్టు తెల్లబడ్డాయట. నాలుగు లారీల డ్రమ్ములు తిరిగొచ్చాయి. లారీలతోపాటు ఒక ఉత్తరం కూడా వచ్చింది. అందులోని భాష ఇక్కడ రాయదగింది కాదు.

తప్పు జరిగిందంటే తప్పు చేసినవాడు ఉండాలి. విచారణ సంఘం వేశారు. అధ్యక్షులు సామర్థ్య వికాస అధికారి గారే. ఆయనకంటే ఈ విషయం లోతుగా తెలిసినవారు ఎవరున్నారు? బాబాయిని నిలబెట్టి అడిగారు.

"గుళికలు నిండాయని నీకెలా తెలుసు?"

"చెయ్యి పెడితే తెలుస్తుందండీ."

"ఎవరి అనుమతితో పెట్టావు?"

పంతొమ్మిదేళ్లలో ఆ టవరుని అడిగి ముట్టుకోవాలని బాబాయికి తోచనేలేదు. సంఘం వారు నాలుగు పేజీల నివేదిక రాశారు. సదరు ఉద్యోగి పంతొమ్మిదేళ్లపాటు టవర్లకు అడ్డూ అదుపూ లేని విశ్రాంతి అలవాటు చేసినందువల్లనే, తీరా నిజమైన పని అప్పగించేసరికి అవి తట్టుకోలేకపోయాయని తేల్చారు. కనుక ఉద్యోగం నుంచి తొలగించి, పదిహేను రోజుల్లో క్వార్టరు ఖాళీ చేయించవలెను. బాబాయి రిటైరు కావడానికి పదకొండు నెలలుంది. నివేదిక చెల్లాలంటే షెడ్డులో పనిచేసేవాళ్ల వాంగ్మూలం కావాలి. "టవర్లకు విశ్రాంతి ఇవ్వడం మేము కళ్లారా చూచితిమి" అని టైపు చేసిన కాగితం ఒకటి చేతులు మారింది. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. చూశాం కదా మరి.

పిన్ని, అంటే బాబాయి భార్య, ఆ సంగతి విని గుమ్మంలో కూలబడి నవ్వో ఏడుపో తెలీకుండా అంది: "పంతొమ్మిదేళ్లు ఆ మాయదారి గుళికలకి పూటపూటకీ విశ్రాంతి ఇచ్చాడు. నాకు ఒక్క ఆదివారం ఇచ్చాడా? అడగండిరా మీ బాబాయిని! అది కూడా నేరమేనని రాయండి, నేను పెడతా సంతకం!"

బాబాయి వెళ్లకముందే కంపెనీ వారు బయటినుంచి ఒక నిపుణుణ్ణి రప్పించారు. పేరుకి ముందు మూడు అక్షరాలు, వెనక ఏడు అక్షరాలు ఉన్న మనిషి. తెరమీద బొమ్మలు వేసి గంటన్నర మాట్లాడారు. సారాంశం ఏమిటంటే, ఒక టవరు పని చేస్తున్నప్పుడు రెండోది ఆరాలి. దీనికి 'పర్యాయ విశ్రాంతి ఉత్పాదకతా విధానం' అని పేరు పెట్టారు. జనరల్ మేనేజరు గారి కళ్లు చెమర్చాయి. "ఇంత సులువైన విషయం ఇన్నాళ్లూ మనకెవరూ చెప్పలేదే!" అన్నారు. ఆ పదిహేను రోజులకీ కుర్చీల పనికి వేసిన బాబాయి, హాల్లో చివరి వరస సర్దుతూ ఆ మాట విన్నాడు. విని, ఇంకో కుర్చీ సర్దాడు. విధానాన్ని సకాలంలో ప్రవేశపెట్టినందుకు అధికారి గారికి పదోన్నతి వచ్చింది. బాబాయి తొలగింపు ఉత్తర్వు మాత్రం అలాగే ఉంది. విధానం మారింది గానీ, నేరం జరిగిన తేదీనాటికి విశ్రాంతి నేరమే కదా.

క్వార్టరు ఖాళీ చేసేరోజు సామాను ఎక్కించడానికి నేను వెళ్లాను. మంచం ఒక కొస బాబాయి పట్టుకున్నాడు, రెండో కొస నేను పట్టుకున్నాను.

"నువ్వూ పెట్టావంట కదరా సంతకం."

"పెట్టాను బాబాయ్."

"చదివే పెట్టావా?"

"లేదు బాబాయ్."

"మంచి పని చేశావు. చదివుంటే చెయ్యి వణికేది. ఎత్తు, ఆ కొస గోడకి తగుల్తోంది."

ఆ కాగితం మీద మొత్తం ఇరవై రెండు సంతకాలున్నాయి. నాది మూడోది. ఇప్పుడు వాల్వుల దగ్గర నన్నే పెట్టారు, బాబాయి చూపించినట్టే చేతి వెనకభాగం ఆనించి చూస్తున్నాను, అనుమతి పత్రం జేబులో ఉంది. ఆ వాంగ్మూలం మీద సంతకం ఎలా పెట్టావురా అని మీకు అనిపిస్తోందని నాకు తెలుసు. మీరైతే పెట్టి ఉండేవారు కాదని కూడా తెలుసు. మీ ముందుకు ఇంకా ఆ కాగితం రాలేదు.