పొగ రాని మందు

తెల్లారేసరికి పట్టుపురుగులు పండాయి, అంటే దారం తీయడానికి సిద్ధమయ్యాయి. పొద్దుగూకేలోగా వాటిని ఏరి, గూళ్ళు కట్టుకునే వెదురు చంద్రికల మీదికి ఎక్కించకపోతే నెలరోజుల చాకిరీ మట్టిపాలే. చింతామణి దగ్గర ఆ పల్లెలో, వీధిలో ఎవరిని పిలిచినా తమ పని తమకుందన్నారు. మునికృష్ణప్ప, పెళ్ళాం తిమ్మక్క, ఇద్దరే మిగిలారు.

పొగాకు ఘాటు తగిలితే పురుగులు చస్తాయి కాబట్టి పాపం మునికృష్ణప్ప నెల నుంచి బీడీ ముట్టలేదు. బీడీ మీద యావ ఆగడం లేదు. ఒక బైరాగి గంజాయి ఆకుతో చేసి ఇచ్చిపోయిన బంగాకు లేహ్యం గుర్తొచ్చింది. పొగ రాదు, శనగగింజంత చాలన్నాడు బైరాగి. అంతే తిన్నాడు. బీడీ అయితే ముట్టించగానే పనిచేస్తుంది, ఇదేమో ఉలకదు పలకదు. గోలీ అంత తిన్నాడు. ఆపైన గిన్నె నాకేశాడు.

గంట తర్వాత వాన మొదలైంది.

"ఏమ్మే, వాన దంచుతాండాది. బయట రాగులు తడుస్తాండాయి" అని అరిచాడు. వీధి వీధంతా ఆరబోసిన రాగుల మీదికి ఉరికింది. ఆకాశంలో మబ్బు తునక లేదు. అతను విన్నది ఇంకా పండని పురుగులు ఆకు నమిలే చప్పుడు.

రాగులు వదిలేసి జనం ఇతని గుమ్మంలో చేరారు. మునికృష్ణప్ప పగలబడి నవ్వాడు. అంతలోనే నాలుక పీచయింది, గుండె దడదడలాడింది, నిజంగానే భయమేసింది. "నేను పోతాండాను" అన్నాడు.

దయ్యమేనన్నారు. భూతవైద్యుడు ఈరప్ప మూకుడులో నిప్పులు, మిరపకాయలు, పొగాకు పట్టుకుని వచ్చాడు. తిమ్మక్క వాకిట్లో అడ్డం నిలబడింది.

"దయ్యముంటే ఉండనీప్పా. పొగ మాత్రం లోపలికి రాగూడదు."

ఎదురింటి కాంపౌండరు ఆదినారాయణప్ప వచ్చి ఎర్రబడ్డ కళ్ళు చూశాడు, ఎండిన నాలుక చూశాడు, ఖాళీ గిన్నె వాసన చూశాడు. "దయ్యం లేదు, గియ్యం లేదు. బంగాకు ఎక్కువైంది. పక్కకు తిప్పి పండబెట్టండి, గుక్క గుక్కగా నీళ్ళు తాపండి. నేను పక్కన కూచుంటా. సాయంత్రానికి దిగుతాది" అన్నాడు.

దయ్యం లేదని జనం చిన్నబుచ్చుకున్నారు గానీ కదల్లేదు. మునికృష్ణప్ప తర్వాత ఏమంటాడో వినాలి కదా.

"వినేది చెవులతో కదా, చేతులు ఖాళీగా ఎందుకు?" అని తిమ్మక్క అందరి కాళ్ళూ చేతులూ కడిగించి తలా ఒక తట్ట చేతికిచ్చింది.

పడుకున్న మునికృష్ణప్పకు ఎటు చూసినా చేతులే. పురుగులను ఏరుతున్నాయి, చంద్రికల మీద పెడుతున్నాయి. అన్నీ తనవే. ఇన్ని చేతులు అన్నానికి ముందు ఎట్లా కడుక్కోవాలో తెలియక దిగులు పడ్డాడు. "మెల్లగా" అని వాటికి చెప్పాడు. అవి కిలకిలా నవ్వి మెల్లగానే పెట్టాయి.

పొద్దుగూకేసరికి మత్తు దిగింది. పురుగులన్నీ చంద్రికలెక్కి దారం తీస్తున్నాయి. మునికృష్ణప్పకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఆకలీ దంచేసింది. రెండు రాగిముద్దలు మింగాక అరుగు మీద ముద్దలు తింటున్న వీధి జనాన్ని చూశాడు.

"ఒక్కణ్ణే అన్నీ ఎక్కించినా కదమ్మే. వీళ్ళంతా ఎందుకొచ్చినారు?"

"నిన్ను చూసేదానికి" అని తిమ్మక్క మూడో ముద్ద వేసింది. ఆ మాటలో అబద్ధమేమీ లేదు.