టెట్రా మెష్ సాఫ్ట్

ఎనిమిదింటికి సాఫ్ట్‌వేరు పెట్టుకుని, తొమ్మిదింటికి లెక్క నడిపించి, పదింటికల్లా రిపోర్టు చేతిలో పట్టుకుని నింపాదిగా కాఫీ తాగాలన్నది ఆ ఉదయం ఇంజనీరమ్మ వేసుకున్న పథకం. పదకొండింటికి పెద్ద డాక్టరు వస్తాడు. పాపం, కోపిష్టి మనిషికి నింపాదిగా తాగే కాఫీ రాసిపెట్టి ఉండదు.

ఆవిడ పనిచేసే కర్మాగారంలో ఆసుపత్రి మంచాలు చేస్తారు. మంచం తలవైపు పలకను ఎత్తి నిలిపే ఇనుప బ్రాకెట్ ఆవిడ ఒకటి గీసింది, మేనేజరు బావమరిది ఒకటి గీశాడు. అతనిది ఉత్త రేకు ముక్క. అది విరిగితే కిందపడేది నిన్నో మొన్నో కుట్లు పడ్డ రోగి. ఆ సంగతి తలచుకున్నప్పుడల్లా ఆవిడకు ఒళ్లు మండిపోయేది. ఏది గట్టిదో కంప్యూటరు రిపోర్టులు చూసి తేలుస్తానన్నాడు మంచాలు కొనే ఆసుపత్రి పెద్ద డాక్టరు. మూడు వందల మంచాలకు అదే బిగిస్తారు.

ఈ సాఫ్ట్‌వేరు వస్తువు బొమ్మను నాలుగు ముఖాల బుల్లి ముక్కలుగా కోసి, బరువు పెడితే ఏ ముక్క ఎంత వంగుతుందో లెక్క కడుతుంది. ఆ ముక్కల అల్లికే టెట్రా మెష్. ఏది కావాలన్నా స్టోరుకు ఫారం రాయాలని మేనేజరు ఆజ్ఞ. ఆ ఫారంలో గడి బొటనవేలంత! ఆవిడ ఎంత కుదించి రాసినా "టెట్రా మెష్ సాఫ్ట్" దగ్గరే గడి అయిపోయింది. మిగతాది అర్థమవుతుందిలే అనుకుని, ఎప్పటికి కావాలో పక్కన "8" అని వేసి పంపింది.

తొమ్మిదిన్నరకు స్టోరు బాబాయ్ తోపుడు బండి నెట్టుకుంటూ వచ్చాడు. బండి నిండా నైలాను వల చుట్టలు.

"ఏంటి బాబాయ్ ఇది?"

"మీరు రాసిన మెష్షేనమ్మా. టెట్రా కంపెనీది దొరకలేదు. సాఫ్ట్ మాత్రం ఏరి ఏరి తెచ్చా. నిమిరి చూడండి, దూదే!"

"నేనడిగింది సాఫ్ట్‌వేరు! కంప్యూటర్లో పెట్టేది!"

బాబాయ్ వలకేసీ కంప్యూటరుకేసీ మార్చి మార్చి చూశాడు. "దాని మీద కప్పడానికైతే ఒక్క చుట్ట చాలదా తల్లీ? ఎనిమిది రాశారేం?"

"ఎనిమిది టైము బాబాయ్! ఎనిమిదింటికి కావాలని!"

అరికాలి మంట నెత్తికెక్కింది. దారికడ్డంగా పడ్డ చుట్టలను దాటుకుని మేనేజరు గదిలోకి దూసుకెళ్లింది.

"సార్, సాఫ్ట్‌వేరు నెట్ నుంచే దించి పెట్టుకోవాలి. మీ పాస్‌వర్డ్ కావాలి."

"మెష్ వచ్చిందిగా అమ్మా, నేనే సంతకం పెట్టా. మళ్లీ ఏంటి?"

"అది దోమల వల సార్!"

"సరే సరే. పాస్‌వర్డ్ చెప్పకూడదు. నేనే వచ్చి కొడతా."

వచ్చాడు. ఒంటివేలితో మూడుసార్లు కొట్టాడు, మూడుసార్లూ తప్పే కొట్టాడు. ఇక అరగంట దాకా ఎవర్నీ రానివ్వనని కంప్యూటరు మొండికేసింది. పక్క బల్ల దగ్గర బావమరిది కాళ్లూపుకుంటూ, "నాకైతే బావ నిన్ననే పెట్టించేశాడండీ," అన్నాడు. ఆవిడ చేతికి సుత్తి అందకపోవడం అతని అదృష్టం.

పదకొండుకు పది నిమిషాలుందనగా సాఫ్ట్‌వేరు ఎక్కింది. ఆదరాబాదరాగా మెష్ అల్లి, వంద కిలోల బరువు పెట్టి, లెక్క నడిపింది. ఫలితం తెరమీద పడేసరికి డాక్టరూ మేనేజరూ ఆవిడ వెనకే ఉన్నారు. బొమ్మలో బ్రాకెట్ పిండిన తడిగుడ్డలా మెలితిరిగి, ఎర్రగా ఉంది.

"అయ్యో, వంగిపోయిందే!" అన్నాడు మేనేజరు సంతోషం దాచుకోలేక.

"వంగలేదు! కంటికి ఆనాలని రెండు వందల రెట్లు పెంచి చూపిస్తుందండీ. అసలు వంగింది వెంట్రుక మందం!"

"కళ్లెదుట కనబడుతుంటే వెంట్రుకంటావేంటమ్మా? డాక్టరు గారూ, మావాడిది చూడండి."

బావమరిది తన తెర ఇటు తిప్పాడు. బ్రాకెట్ నీలంగా, చీమంత వంపు లేకుండా ఉంది. డాక్టరు బావమరిది రిపోర్టు అందుకుని కలం తీశాడు. ఆవిడ బావమరిదిని పక్కకు నెట్టి తెరలోకి వంగి చూసింది.

"బరువు గడిలో సున్నా ఉంది! దీనిమీద అసలెవరూ పడుకోలేదు!"

"ఎవరూ పడుకోకపోయినా నిలబడిందిగా," అన్నాడు బావమరిది.

"సిగ్గుండాలి! రేపు దానిమీద కుట్లతో మనిషి పడుకుంటాడు! మీ ఇంట్లోవాళ్లనైతే పడుకోబెడతారా?"

"ఇంట్లోవాళ్లెందుకు? నేనే పడుకుంటా!" అన్నాడు మేనేజరు. పౌరుషం పొడుచుకొచ్చి, గదిలోనే ఉన్న, బావమరిది బ్రాకెట్ బిగించిన నమూనా మంచమెక్కి, ఎత్తిన పలకకు దర్జాగా జారగిలబడ్డాడు. రేకు టప్పుమంది. పలకతోపాటు మేనేజరు కూడా దభీమని నేలను తాకాడు.

"అమ్మో, నా నడుము!"

తలో చెయ్యీ వేసి, పక్కనున్న ఇంజనీరమ్మ నమూనా మంచం మీదికి చేర్చారు. దాని పలకా ఎత్తే ఉంది. నూట పది కిలోల మేనేజరు దానికి ఆనుకుని మూలిగినా, పొర్లినా, బావమరిదిని నోటికొచ్చినట్టు తిట్టినా బ్రాకెట్ కిక్కురుమనలేదు. డాక్టరు వంగి, దాన్ని వేలితో తట్టి చూసి, ఆవిడ రిపోర్టు మీద సంతకం పెట్టాడు.

"నాది వంగదనేగా ఇందాకట్నుంచీ మొత్తుకుంటున్నా!" అంది ఆవిడ. కోపం తగ్గలేదు గానీ కళ్లలో నీళ్లు తిరిగాయి.

డాక్టరు తర్వాత మేనేజరు నడుము పరీక్షించి, మూడు వారాలపాటు నేలమీదే పడుకోవాలని, మంచం జోలికి పోవద్దని చీటీ రాసిచ్చాడు.