చేతులు వాడని ధ్రువపత్రం

ప్రభుత్వ సొమ్ముతో లేచే ప్రతి గోడ దగ్గరా మనుషులు రెండే రకాలుగా ఉండాలని నిబంధనావళి శాసిస్తోంది. నెలజీతం తీసుకునేవాళ్లు ఒక రకం, చేతులతో పనిచేసేవాళ్లు రెండో రకం. మొదటి రకాన్ని ‘క’ పత్రంలోనూ, రెండో రకాన్ని ‘గ’ పత్రంలోనూ వారం వారం నింపి యాప్‌లో ఎక్కించాలి. (‘ఖ’ పత్రం ఎవరికన్నది తేల్చడానికి వేసిన కమిటీ ఇంకా తేలుస్తూనే ఉంది.)

సూళ్లూరుపేట అవతల, పులికాట్ ఒడ్డున పడవల రేవుకి కడుతున్న గోడ దగ్గర గిద్యోను సైటు సూపర్‌వైజరు. నెలజీతగాడు. పైగా సంఘపెద్ద, అబద్ధమాడొద్దని ఆదివారం చర్చిలో చెప్పి, సోమవారం కూడా ఆడలేని మనిషి. ఆ బలహీనతే కొంప ముంచింది. ‘క’ పత్రం పదకొండో గడిలో ‘ఈ వారం చేతులతో చేసిన పని’ అని ఉంటుంది. తెలివున్న సూపర్‌వైజరు ఎవరైనా అక్కడ ‘లేదు’ అని రాస్తాడు. గిద్యోను మాత్రం ‘నలభై నిమిషాలు, జారుతున్న సెంట్రింగ్ పలక పట్టుకున్నాను’ అని రాశాడు.

యాప్ అతన్ని తక్షణం కూలీగా గుర్తించి ‘గ’ పత్రంలోకి తోసింది. నెలజీతం ఉన్నవాడు మాకొద్దని ‘గ’ పత్రం వెనక్కి తోసింది. అలా రెండు నెలల పాటు గిద్యోను ప్రభుత్వం దృష్టిలో ఎక్కడా లేడు, అతని జీతమూ లేదు. కిరాణా కొట్టు మునెయ్య పలకరించడం మానేశాడు.

“నీకు చేతులుండాయని ఎవురు రాయమన్నారయ్యా?” అని అడిగింది భార్య రెబెక్కమ్మ.

నెల్లూరు వెళ్లి శ్రమ వర్గీకరణాధికారి రంగనాయకులు గారి ముందు నిలబడ్డాడు. ఆయన చాలా మంచివారు. (కుర్చీ చూపించారు, కూర్చోమని మాత్రం అనలేదు.) జరిగిన నలభై నిమిషాలనూ ‘అనుకోని అంగచలనం’ కింద క్షమిస్తామనీ, ఇకపై వారం వారం చేతులు వాడలేదని ధ్రువపత్రం ఇస్తే చాలుననీ సెలవిచ్చారు. సైటులో కెమెరా కూడా పెట్టిస్తామన్నారు. ఆ ధ్రువపత్రం మీద సంతకం చేత్తోనే కదా పెట్టాలని గిద్యోను భయపడుతూ అడిగాడు. దానికీ సర్క్యులర్ ఉంది.

“సంతకం చేతిపని కిందికి రాదు గిద్యోనూ. అది ఆఫీసు పని.”

గురువారం కాంక్రీటు పోస్తున్నారు. గిద్యోను రెండు చేతులూ ప్యాంటు జేబుల్లో పెట్టుకుని, కెమెరాకి కనబడేలా నిలబడ్డాడు. చేపల వేట లేక కూలికొచ్చిన గంగులయ్య, తడి కాంక్రీటును పట్టి ఉంచే సెంట్రింగ్ పలకను గోడవార భుజంతో ఆపుతున్నాడు.

“గిద్యోనన్నా, పలక జారతా ఉండాది. ఒక చెయ్యెయ్యి.”

గిద్యోను కెమెరా వైపు చూశాడు. మిక్సరు దగ్గరున్న ఇద్దరినీ గట్టిగా కేకేసి పిలిచాడు. (కేకలు నోటిపని, వాటికి గడి లేదు.) వాళ్లు పరిగెత్తుకొచ్చేలోగా పలక గంగులయ్య కుడిచేతి మీద పడింది. ఎముక రెండు చోట్ల విరిగింది.

శుక్రవారం గిద్యోను పదకొండో గడిలో ‘లేదు’ అని రాశాడు. అది నిజమే అయినందుకు సిగ్గుతో కుమిలిపోయాడు. సాయంత్రానికల్లా రెండు నెలల జీతం పడింది. మునెయ్య ఎదురొచ్చి పలకరించాడు.

మరుసటి వారం యాప్ గంగులయ్య పేరును ఎర్రరంగులో చూపించింది. వారమంతా చేతులు వాడలేదు కనక కూలీ కాడు. నెలజీతం లేదు కనక ఉద్యోగీ కాడు. ఏ పత్రంలోనూ లేనివాడికి వైద్యం ఖర్చు రాదు. అతను చేతులు వాడలేదన్నది వాస్తవమేనని సైటులోని జీతగాడెవరైనా ధ్రువీకరించాలి.

వాస్తవమే కాబట్టి గిద్యోను సంతకం పెట్టాడు. సంతకం చేతిపని కిందికి రాదు.